బెట్టు చేసి మళ్ళీ జట్టులోకి

వార్షికోత్సవ సంచికకు ఆటల మీద వ్యాసం రాయమన్నారు. బాగా ఆడినవాళ్ళ గురించి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మేము ఈసారి ఆడనని కూర్చున్నవాళ్ళ గురించి రాస్తున్నాం. పేపర్లో ఆటల పేజీ చూసే మిత్రులకు ఈ వార్త తెలిసిందే: ఫలానా ఆటగాడు కాంట్రాక్టు నచ్చక శిబిరానికి రాలేదట, కొన్నాళ్ళు అలిగి మళ్ళీ జట్టులో చేరాడట. కోట్లు తీసుకునేవాడికి ఇంకా ఎంత కావాలి అని మనం పేజీ తిప్పేస్తాం. కానీ ఆ చిన్న వార్తలో పనికీ, జీతానికీ, సంతకానికీ సంబంధించిన పెద్ద లెక్క దాగి ఉంది. ఈ హాస్టల్లో చదివి రేపు ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టబోయే మనందరికీ ఆ లెక్క అవసరమే.

ముందు అసలు బెట్టు ఎట్లా ఉంటుందో చూద్దాం. ఇది అమెరికాలో బాగా ఎక్కువ. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే బంతాట కాదు, కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకుని ఎదుటివాళ్ళను తోసుకుంటూ పరుగెత్తే ఆట. డల్లాస్ కౌబాయ్స్ అనే జట్టులో ఎమిట్ స్మిత్ అనే పరుగు ఆటగాడు ఉండేవాడు. 1991లోనూ, 1992లోనూ దేశం మొత్తం మీద అందరికంటే ఎక్కువ గజాలు పరుగెత్తింది అతడే. 1993 జనవరిలో అతని జట్టు సూపర్ బౌల్ గెలిచింది. పాత ఒప్పందం ముగిసింది. కొత్త ఒప్పందంలో యజమాని జెర్రీ జోన్స్ ఇస్తానన్నది స్మిత్‌కు నచ్చలేదు. ఇంట్లో కూర్చున్నాడు.

1993 సెప్టెంబరులో సీజను మొదలైంది. అతడు లేకుండా మొదటి మ్యాచ్ ఓడారు. రెండో మ్యాచ్ 13-10 తేడాతో సొంత మైదానంలో ఓడారు. ఆ ఓటమి తర్వాత చార్లెస్ హేలీ అనే సహచరుడు కోపం పట్టలేక హెల్మెట్‌ను గోడకేసి కొట్టాడు. ఆ వారంలోనే యజమాని దిగొచ్చాడు. నాలుగేళ్ళకు 1 కోటి 36 లక్షల డాలర్లకు ఒప్పందం కుదిరింది. ఆ స్థానంలో ఆడేవాళ్ళందరిలో అప్పటికి అదే పెద్ద జీతం. స్మిత్ తిరిగొచ్చి, రెండు మ్యాచులు పోయినా ఆ ఏడూ పరుగుల్లో మొదటి స్థానమే సాధించాడు. 1994 జనవరిలో జట్టు మళ్ళీ సూపర్ బౌల్ గెలిచింది. ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడూ అతడే.

ఇది చదివి బెట్టు చేస్తే చాలు, పైసలు వస్తాయనుకోవద్దు. 2018లో పిట్స్‌బర్గ్ జట్టుకు చెందిన లెవియాన్ బెల్ అచ్చం ఇట్లాగే కూర్చున్నాడు. సీజను మొత్తం అయిపోయినా అతడు జట్టులో చేరలేదు. దాదాపు 1 కోటి 45 లక్షల డాలర్ల ఆ ఏటి జీతం పోయింది. తర్వాతి ఏడు వేరే జట్టుకు వెళ్ళాడు గానీ పాత ఆట మళ్ళీ రాలేదు. ఇద్దరికీ తేడా ఎక్కడ ఉంది? స్మిత్ రాకపోతే జట్టు ఓడింది. బెల్ రాకపోతే అతని స్థానంలో వచ్చిన కుర్రవాడు బాగానే ఆడాడు. నువ్వు రాకపోతే ఎవరికి నష్టం? బెట్టులో అసలు ప్రశ్న ఇదొక్కటే.

ఇప్పుడు చట్టం సంగతి. ఒప్పందం చేసుకుని పని చేయననవచ్చా? అంటే జైలులో వేయరా? వేయరు. మన దేశంలో 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ప్రకారం, ఒక మనిషి స్వయంగా చేయవలసిన పనిని కోర్టు బలవంతంగా చేయించదు. పాట పాడతానని ఒప్పుకున్నవాడు పాడనంటే, నష్టం ఎంతో తేల్చి కట్టమంటుంది తప్ప పోలీసును పక్కన నిలబెట్టి పాడించదు. ఆటగాడి విషయమూ అంతే.

ఈ మాటను మనకు అందరికంటే స్పష్టంగా చెప్పినవారు బాబాసాహెబ్ అంబేద్కర్. 1938లో బొంబాయి ప్రభుత్వం పారిశ్రామిక వివాదాల బిల్లు తెచ్చింది. కొన్ని రకాల సమ్మెలను నేరంగా చూసే బిల్లు అది. దాని మీద శాసనసభలో బాబాసాహెబ్ చేసిన వాదన ఇది: సమ్మె అంటే ఉద్యోగ ఒప్పందాన్ని తప్పడం. ఒప్పందం తప్పితే నష్టపరిహారం అడగవచ్చు, కానీ దాన్ని నేరం చేస్తే మనిషిని ఇష్టం లేని పనికి కట్టేసినట్టే, అది బానిసత్వమే. సమ్మె హక్కు స్వేచ్ఛ హక్కుకు మరో పేరని కూడా ఆయన ఆ చర్చలోనే అన్నారు. బిల్లుకు నిరసనగా 1938 నవంబరు 7న బొంబాయిలో ఒకరోజు సమ్మె జరిగింది. హాస్టల్ గోడ మీద ఆయన ఫోటో రోజూ చూస్తాం, ఏప్రిల్ 14న దండ వేస్తాం. ఆయన కార్మికుల కోసం ఏం వాదించారో మాత్రం మాకు పీజీకి వచ్చేదాకా ఏ పాఠంలోనూ రాలేదు. తర్వాత రాజ్యాంగంలో 23వ అధికరణం వెట్టిని, బలవంతపు చాకిరీని నిషేధించింది.

వెట్టి అంటే నల్లగొండవాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు. అయితే వెట్టితో పాటు మన తెలంగాణలో భగేలా అనే పద్ధతి ఒకటి ఉండేది. అప్పు తీసుకున్నవాడు అది తీరేదాకా దొర దగ్గర చాకిరీ చేయాలి. అప్పు తీరదు, వాడి తర్వాత వాడి కొడుకు చేస్తాడు. నిజాం ప్రభుత్వమే 1943లో భగేలా ఒప్పందాలను అదుపు చేసే చట్టం ఒకటి తెచ్చిందంటే పరిస్థితి ఎట్లా ఉండేదో ఊహించవచ్చు. చట్టం కాగితం మీద, చాకిరీ దొడ్డిలో. వెట్టి కూలిపోయింది జనం తిరగబడ్డాకనే. దేశమంతటికీ వర్తించే వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. ఏడాది లెక్కన జీతం ఉన్న తాతలు మనలో చాలామందికి ఉన్నారు. వాళ్ళూ ఒప్పందమే చేసుకున్నారు. నోటి మాట, కొన్ని వడ్లు, కొంత పైకం, ఒక జత చెప్పులు. ఏడు మధ్యలో మానేస్తే ఏమయ్యేదో మా తాతలు చెప్పరు, అడిగితే మాట మారుస్తారు.

పాలమూరు సంగతి ఇంకో రకం. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఇప్పుడు నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట అని విడిపోయింది గానీ వలస మాత్రం విడిపోలేదు. దేశంలో ఏ పెద్ద డ్యాం దగ్గరికి వెళ్ళినా పాలమూరు కూలి చేయి పడిందని పెద్దలు అంటారు. ఇక్కడి పద్ధతి ఇది. పనుల్లేని రోజుల్లో గుంపు మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. పెండ్లికో, దవాఖానకో, బోరుకో ఆ పైసలు ఆనాడే అయిపోతాయి. ఆ తర్వాత ఆలుమగలు జంటగా ఎక్కడో బొంబాయికో, పుణేకో వెళ్ళి నెలల తరబడి పని చేసి ఆ అడ్వాన్సు తీర్చాలి.

ఆటగాడికీ మన కూలికీ ఉన్న తేడా ఇక్కడ కనిపిస్తుంది. స్మిత్ ఇంకా ఇవ్వమని కూర్చున్నాడు, ఎందుకంటే అతడు ఎవరికీ బాకీ లేడు, ఇంట్లో తిండికి కొదవ లేదు. మన కూలి ముందే తీసుకున్నాడు, ఖర్చూ పెట్టాడు. ఇంక ఏం బెట్టు చేస్తాడు? రాత్రికి రాత్రి పారిపోవడమే అతనికి తెలిసిన బెట్టు. పారిపోతే జామీను ఉన్న అన్నదమ్ముల మీద పడతారు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లోనే చట్టం వచ్చింది. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలని, ఊరు విడిచి వెళ్ళినందుకు వేరే భత్యం ఇవ్వాలని అందులో ఉంది. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి దాని స్థానం తీసుకున్నాయి. మా ఊళ్ళలో ఆ భత్యం చేత పట్టుకున్నవాళ్ళు మాత్రం మాకు ఇంతవరకు కనబడలేదు.

అయినా కూలికి బలం లేదనడం తప్పు. స్లాబు పోసే రోజు సంగతి మేస్త్రీ పని తెలిసిన ఎవరినైనా అడగండి. స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపరాదు. సగం ఆరి సగం పోస్తే అతుకు పడుతుంది, నీళ్ళు కారుతాయి. ఆ రోజు పొద్దున ఒక జంట రానంటే ఇంకొక జంటను తెస్తారు. గుంపంతా కూర్చుంటే ఇంజనీరు కూడా కిందికి దిగి మాట్లాడతాడు. ఆటలో స్మిత్ ఒక్కడికి ఉన్న బలం కూలీలకు గుంపుగా, ఆ ఒక్క రోజు ఉంటుంది.

ఆటల్లో కూడా గుంపు బెట్టు ఉంది. 2014 అక్టోబరులో వెస్టిండీస్ జట్టు మన దేశానికి వచ్చింది. తమ ఆటగాళ్ళ సంఘమే తమను అడగకుండా ఆదాయం తగ్గించే ఒప్పందం చేసుకుందని జట్టంతా కోపంగా ఉంది. వైజాగ్‌లో జరగాల్సిన మ్యాచ్ హుద్‌హుద్ తుఫానుతో పోయింది. ధర్మశాల మ్యాచ్ తర్వాత వాళ్ళు పర్యటన మధ్యలో వదిలేసి ఇంటికి వెళ్ళిపోయారు. తర్వాత జట్టు మళ్ళీ ఆడింది. కానీ కెప్టెన్‌గా ముందు నిలబడ్డ డ్వేన్ బ్రావోకు 2015 ప్రపంచకప్ జట్టులో చోటు లేదు. గుంపు తిరిగొచ్చినప్పుడు ముందు నిలబడ్డవాడు తలుపు బయటే ఉండిపోవడం ఆటల్లోనే కాదు, ఏ సమ్మెలోనైనా చూస్తాం.

ఇక మన దగ్గరి కథకు వద్దాం. హైదరాబాద్ క్రికెటర్ అంబటి రాయుడు. కోపిష్టి అని, నిలకడ లేనివాడని అతని గురించి చాలామంది అంటారు. మేము దాని జోలికి పోవడం లేదు. అతడు ఎన్నిసార్లు వెళ్ళాడు, ఎట్లా తిరిగొచ్చాడు అన్నదే చూస్తున్నాం.

1985లో గుంటూరులో పుట్టిన రాయుడు హైదరాబాద్ తరఫున ఆడాడు. 2002లో భారత అండర్-19 జట్టుతో ఇంగ్లండ్ వెళ్ళి ఒక వన్డేలో 177 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. అదే ఏడు రంజీలో ఆంధ్ర మీద ఒకే మ్యాచ్‌లో 210, 159 నాటౌట్ కొట్టాడు. అప్పటికి పదిహేడేళ్ళు. 2004 అండర్-19 ప్రపంచకప్‌లో భారత జట్టుకు కెప్టెన్. ఆ జట్టులో అతని కింద ఆడిన సురేశ్ రైనా 2005లోనే భారత జట్టులోకి వచ్చాడు. రాయుడికి పిలుపు రాలేదు. హైదరాబాద్ క్రికెట్‌లో గొడవలు పడి 2005-06లో ఆంధ్రకు వెళ్ళాడు, ఏడాదికే తిరిగొచ్చాడు. ఇది మొదటి తిరిగి రావడం.

2007లో ఇండియన్ క్రికెట్ లీగ్ వచ్చింది. దాన్ని పెట్టింది జీ టీవీ అధినేత సుభాష్ చంద్ర. క్రికెట్ బోర్డు దగ్గర ప్రసార హక్కులు దొరక్క తానే ఆట పెట్టుకున్నాడు. 1977లో ఆస్ట్రేలియాలో కెర్రీ ప్యాకర్ అనే టీవీ యజమాని చేసిందీ ఇదే. కపిల్ దేవ్ దీనికి పెద్ద దిక్కుగా నిలిచాడు. రంజీ ఆడుకునే కుర్రవాళ్ళకు అంతవరకు కలలో కూడా లేని జీతాలు ఇస్తామన్నారు. రాయుడు చేరి హైదరాబాద్ హీరోస్‌కు ఆడాడు. 2008లో ఆ జట్టు ఒక టోర్నీ గెలిచింది కూడా. లాల్ బహదూర్ స్టేడియంలో ఆ మ్యాచులు చూసిన సీనియర్ అన్నలు ఈ సంచిక చదివేవాళ్ళలో ఉండే ఉంటారు.

బోర్డు ఊరుకోలేదు. ఐసీఎల్‌లో చేరినవాళ్ళకు రంజీతో సహా తన ఆటలన్నిటి తలుపులూ మూసేసింది. అదే ఏడు సెప్టెంబరులో ఐపీఎల్ ప్రకటించి 2008 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. ఐసీఎల్ 2008 చివరికి ఆగిపోయింది. జీతాల బాకీలు రాలేదని పలువురు ఆటగాళ్ళు వాపోయారు. 2009లో బోర్డు క్షమాభిక్ష ప్రకటించింది. ఐసీఎల్‌తో సంబంధం తెంచుకుని వస్తే మళ్ళీ ఆడనిస్తామన్నది. డెబ్బైమందికి పైగా భారత ఆటగాళ్ళు ఆ దారిన తిరిగొచ్చారు. రాయుడు వారిలో ఒకడు. రంజీ ఆడవచ్చు, భారత జట్టుకు మాత్రం ఏడాది ఆగాలి అన్నది షరతు. కపిల్ దేవ్ కూడా 2012లో బోర్డుతో రాజీపడ్డాడు.

క్షమాభిక్ష అన్న మాట దగ్గర కొంచెం ఆగుదాం. క్షమించడానికి వీళ్ళు చేసిన నేరం ఏమిటి? ఎక్కువ జీతం ఇచ్చేచోట ఆడటం. మన ఊళ్ళో ఒక మేస్త్రీని వదిలి ఇంకొక మేస్త్రీ దగ్గరికి పోతే మొదటివాడు కోపం తెచ్చుకోవచ్చు, కానీ దేశంలో ఎక్కడా పని దొరకకుండా చేయలేడు. బోర్డు చేయగలదు. ఎందుకంటే దేశంలో భారత జట్టుకు ఎంపిక చేసేది, స్టేడియాలు చేతిలో ఉన్నది, అంపైర్లను పెట్టేది అన్నీ ఒకరే. స్మిత్ ఎదురుగా ఒక యజమాని ఉన్నాడు, అతని జట్టు ప్రతి వారం మిగతా జట్లతో పోటీపడి గెలవాలి. రాయుడు ఎదురుగా ఆట మొత్తానికి యజమాని ఉన్నాడు. హైదరాబాద్ రంజీ మ్యాచ్ ఓడితే బోర్డుకు పోయేదేమీ లేదు. అందుకే ఒకడు కోటి డాలర్లతో తిరిగొచ్చాడు, ఇంకొకడు క్షమాపణ పత్రంతో తిరిగొచ్చాడు.

ఈ ఏకఛత్రాధిపత్యం సంగతి తర్వాత కాంపిటీషన్ కమిషన్ దాకా వెళ్ళింది. పోటీ లీగులకు అనుమతి ఇవ్వబోమని బోర్డు ఐపీఎల్ ప్రసార ఒప్పందంలో హామీ ఇచ్చుకోవడం తన బలాన్ని దుర్వినియోగం చేయడమేనని 2013 ఫిబ్రవరిలో కమిషన్ తేల్చి 52.24 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2015లో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. 2017 నవంబరులో కమిషన్ మళ్ళీ విచారించి మళ్ళీ అంతే జరిమానా వేసింది. రాయుడు పోగొట్టుకున్న రెండు రంజీ సీజన్లు మాత్రం ఏ తీర్పుతోనూ తిరిగిరావు.

తిరిగొచ్చిన రాయుడికి ముంబై ఇండియన్స్‌లో చోటు దొరికింది. రంజీకి బరోడా వెళ్ళాడు. 2013 జూలై 24న హరారేలో జింబాబ్వే మీద తొలి వన్డే ఆడి 63 నాటౌట్ చేశాడు. అండర్-19 కెప్టెన్ అయి తొమ్మిదేళ్ళు గడిచాయి. మొత్తం 55 వన్డేల్లో 47 సగటుతో 1694 పరుగులు, మూడు సెంచరీలు. ఈ సగటు చూసినప్పుడల్లా ఆ మధ్య ఏళ్ళు ఆడి ఉంటే అన్న ఆలోచన రాకమానదు.

2019 ఏప్రిల్‌లో ప్రపంచకప్ జట్టు ప్రకటిస్తే రాయుడి పేరు లేదు. విజయ్ శంకర్ మూడు రకాలుగా పనికొస్తాడని సెలెక్టర్ల అధ్యక్షుడు ఎం.ఎస్.కె. ప్రసాద్ చెప్పాడు. ఆయనా గుంటూరువాడే. ప్రపంచకప్ చూడటానికి త్రీడీ కళ్ళద్దాలు తెప్పించుకున్నానని రాయుడు ట్విట్టర్‌లో ఎగతాళి చేశాడు. తర్వాత విజయ్ శంకర్ గాయపడితే స్టాండ్‌బైగా ఉన్న ఇతణ్ణి కాదని మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. జూలై 3న రాయుడు ఆట మానేస్తున్నట్టు ప్రకటించాడు. రెండు నెలలు తిరక్కుండానే, ఆగస్టు 29న, తొందరపడ్డానని, మళ్ళీ ఆడతానని హైదరాబాద్ సంఘానికి లేఖ రాశాడు. వి.వి.ఎస్. లక్ష్మణ్, నోయెల్ డేవిడ్, చెన్నై సూపర్ కింగ్స్ తనకు నచ్చచెప్పారని అందులో పేర్కొన్నాడు. హైదరాబాద్ అతణ్ణి విజయ్ హజారే ట్రోఫీకి కెప్టెన్ చేసింది. నవంబరులో సంఘంలో అవినీతి ఉందని ఆరోపిస్తూ రంజీ ఆడనన్నాడు. ఐపీఎల్‌లో మాత్రం చెన్నైకి 2023 దాకా ఆడి, ముంబైతో గెలిచిన మూడు, చెన్నైతో గెలిచిన మూడు, మొత్తం ఆరు కప్పులతో ముగించాడు.

2009లో వచ్చినప్పటికీ 2019లో వచ్చినప్పటికీ తేడా గమనించారా? మొదటిసారి అతనికి బోర్డు తప్ప దిక్కు లేదు. రెండోసారి చెన్నై జట్టు ఒకటి వెనుక ఉంది. కొనేవాళ్ళు ఇద్దరు ఉన్నప్పుడు మనిషి నడక మారుతుంది. పల్లెలో కూడా ఉపాధి హామీ పని నడిచిన వేసవిలో కూలి రేటు కొంచెం పెరుగుతుందంటే కారణం ఇదే.

ఇంతవరకు ఆటగాడు మాట తప్పిన కథలు. యజమాని మాట తప్పితే? దానికి బెట్టు అని పేరు పెట్టరు. హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ జట్టు 2019లో పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఏడాది తిరిగేసరికి జీతాల బాకీలు బయటపడ్డాయి. ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2023-24 సీజనులో 22 మ్యాచులకు ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. రెండేళ్ళలో ఛాంపియన్ జట్టు అట్టడుగుకు పోవడానికి ఆట మరచిపోవడం కారణం కాదు, ఒకటో తారీఖు జీతం పడకపోవడం కారణం.

ఫుట్‌బాల్‌లో ఒక మంచి నిబంధన ఉంది. క్లబ్బు రెండు నెలల జీతం ఎగ్గొడితే, ఆటగాడు పదిహేను రోజుల గడువుతో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వవచ్చు. అప్పటికీ ఇవ్వకపోతే ఒప్పందం తెంచుకుని వెళ్ళిపోవచ్చు. తప్పు క్లబ్బుదే అవుతుంది. 2018 నుంచి ఫిఫా ఈ నిబంధన పెట్టింది. నెలల తరబడి జీతం రాకున్నా తెల్లవారుజామున లేచి వంట చేసిన అక్కలను మనం చూశాం. వాళ్ళ ఒప్పందాల్లో ఇట్లాంటి ముక్క ఒక్కటి ఉంటే ఎంత బాగుండేది.

చివరగా మన చేతికి రాబోయే కాగితం సంగతి. మాలో చాలామందిమి ఇంట్లో అగ్రిమెంటు చదివి అర్థం చెప్పగలిగిన మొదటివాళ్ళం. ఉద్యోగంలో చేరే రోజు పది పేజీలు ముందు పెట్టి కింద సంతకం పెట్టమంటారు. చదువుతామంటే వెనకున్నవాళ్ళు విసుక్కుంటారు. అందులో చూడవలసిన వాటిలో మొదటిది, మానేశాక కూడా కట్టేసే షరతు ఉందా అన్నది. క్రికెటర్ జహీర్ ఖాన్ కేసు దీనికి ఉదాహరణ. ఒక ప్రచార సంస్థతో అతనికి మూడేళ్ళ ఒప్పందం ఉండేది. గడువు ముగిశాక కూడా కొత్తవాళ్ళతో మాట్లాడే ముందు తమకే మొదటి అవకాశం ఇవ్వాలని ఆ సంస్థ పట్టుబట్టింది. 1872 కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం, గడువు తీరాక మనిషి బతుకుతెరువును ఆపే షరతు చెల్లదని 2006లో సుప్రీంకోర్టు తేల్చింది.

అట్లని బాండ్లన్నీ చెల్లవనుకోవద్దు. మూడేళ్ళు పని చేయాలి, లేకపోతే 2 లక్షలు కట్టాలి అని విజయా బ్యాంకు ఒక అధికారి దగ్గర బాండు తీసుకుంది. ఆయన ముందే మానేసి, డబ్బు కట్టి, కోర్టుకు వెళ్ళాడు. హైకోర్టులో గెలిచాడు. 2025 మేలో సుప్రీంకోర్టు బ్యాంకు వైపే తీర్పు ఇచ్చింది. ఉద్యోగంలో ఉన్న కాలానికి పెట్టిన షరతు వేరు, మానేశాక పెట్టే షరతు వేరు అన్నది. ఆయన జీతం స్థాయికి ఆ మొత్తం మరీ ఎక్కువ కాదన్నది. అంటే అంకె ముఖ్యం. పదిహేను వేల జీతానికి ఐదు లక్షల బాండు రాయించుకున్నా, అదే చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం కోర్టు సబబైన నష్టాన్నే ఇప్పిస్తుంది, రాసిన అంకెను కాదు. కానీ కోర్టు దాకా పోయే ఓపిక మన దగ్గర ఉండదని బాండు రాయించుకునేవాడికి బాగా తెలుసు.

అన్నిటికంటే పెద్ద బాండు ఒరిజినల్ సర్టిఫికెట్లు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని టీసీ, మెమోలు ఆపుకున్న కాలేజీల చుట్టూ తిరిగినవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారు. ఒక అన్నకు పోలీసు ఉద్యోగం సర్టిఫికెట్ల పరిశీలన రోజు దాకా ఇదే పరుగు. ఒరిజినల్స్ చూసి అక్కడికక్కడే తిరిగి ఇవ్వాలని, దగ్గర పెట్టుకోరాదని యూజీసీ 2018లోనే కళాశాలలకు చెప్పింది. అడిగేటప్పుడు ఆ మాట కాగితం మీద రాసి, ఒక కాపీ మీద ముద్ర వేయించుకుని అడగండి. నోటితో అడిగితే రేపు రమ్మంటారు. కంపెనీలో అడిగితే జిరాక్సులు ఇచ్చి ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి. తప్పదంటే ఏయే కాగితాలు తీసుకున్నారో నంబర్లతో సహా రసీదు రాయించుకోండి. బాండు మీద సంతకం పెట్టిన రోజే దాని నకలు కూడా అడిగి తీసుకోండి. మాకు తెలిసిన నలుగురిలో ముగ్గురి దగ్గర తాము సంతకం పెట్టిన బాండు కాపీ లేదు.